పలకలోంచి ‘ప’ తీసేస్తే: ఒడిశా సరిహద్దు బడుల్లో వైకల్యం, ఇంటి భాష, పాఠ రూపకల్పన

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం పరిసరాల్లో తెలుగు ఇంట పుట్టి ఒడియా బడికి వెళ్లే పిల్లవాడు మూడో తరగతికి వచ్చినా ఇంకా అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నాడంటే, దానికి రెండు సమాధానాలు అప్పటికే సిద్ధంగా ఉంటాయి. ఇంట్లో తెలుగు మాట్లాడతారు కాబట్టి ఒడియా ఆలస్యంగా వస్తుంది, మరో ఏడాది ఆగితే సర్దుకుంటుంది అనేది ఒకటి. వీడికి చదువు బుర్రకెక్కదు, ఏదైనా పనిలో పెట్టుకోండి అనేది మరొకటి. మొదటిది దయతో అనేది, రెండోది విసుగుతో అనేది. రెండూ పిల్లవాణ్ణి పరీక్షించి చూడకుండా అనేవే. డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో ఎదురయ్యే ప్రత్యేక ఇబ్బంది) ఉన్న పిల్లవాడి విషయంలో మొదటి సమాధానం అసలు ఇబ్బందిని ఏళ్ల తరబడి కప్పేస్తుంది. బడి భాష మాత్రమే రాని పిల్లవాడి విషయంలో రెండో సమాధానం లేని లోపాన్ని అంటగడుతుంది. సరిహద్దు జిల్లాల్లో వైకల్యం గల పిల్లల చదువు గురించి ఏం మాట్లాడాలన్నా ఈ పొరపాటు దగ్గరే మొదలుపెట్టాలి. చట్టాలు, పథకాలు, ఉపకరణాలు అన్నీ పిల్లవాడి ఇబ్బంది ఏమిటో ఎవరో ఒకరు సరిగ్గా గుర్తించారన్న నమ్మకం మీదే నడుస్తాయి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల భాగాలు కొన్ని అందులో కలిశాయి. ఆ ప్రాంతాల తెలుగు కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. వాళ్ల పిల్లల్లో ఎక్కువ మందికి క్రమంగా బడి భాష ఒడియా అయింది. పర్లాకిమిడి పొలిమేర దాటితే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం, రాయగడలో రైలెక్కితే పార్వతీపురం. చుట్టరికాలు, సంతలు, ఆస్పత్రులు ఇటూ అటూ సాగుతూనే ఉంటాయి. ఇంటి భాష బడికి రావాలన్న ఆలోచన కూడా ఈ నేలకు కొత్తది కాదు. గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరి, సవర గిరిజన పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని తాను ఆ భాష నేర్చుకుని వాచకాలు తయారు చేశారు. ఆ అడవుల్లో తిరుగుతున్నప్పుడు పట్టుకున్న మలేరియాకు క్వినైను వాడీ వాడీ ఆయన వినికిడి దెబ్బతింది. ఆ చెవుడు చివరిదాకా ఆయనతోనే ఉంది. ఇంటి భాష కోసం అంత శ్రమించిన మనిషి వినికిడి లోపంతో బతికిన మనిషి కూడానన్న సంగతిని ఆయన జయంతి సభల్లో అంతగా తలుచుకోరు. తలుచుకోవలసిన సంగతి అది. ఒడిశా ప్రభుత్వం 2007లో పది గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య మొదలుపెట్టినప్పుడు వాటిలో సవర ఒకటైంది. అయితే ఆ ఏర్పాటు గిరిజన భాషలకు సంబంధించినది కనుక ఒడియా బడిలో చదివే తెలుగు పిల్లలకు అది వర్తించదు.

ఇక అక్షరాల సంగతి. తెలుగు, ఒడియా రెండూ గుండ్రని లిపులే; రెండింటిలోనూ అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు కలుపుకుంటే పిల్లలు పోల్చుకోవలసిన రూపాలు వందల్లో ఉంటాయి. దాదాపు రాసినట్టే పలికే ఇలాంటి భాషల్లో డిస్లెక్సియా ఇంగ్లీషులో కనిపించినట్టు కనిపించదు. పిల్లవాడు తప్పు చదవడం కంటే ఎక్కువగా నెమ్మదిగా చదువుతాడు; వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోతాడు. నెమ్మదితనం కొత్త భాష నేర్చుకునే ప్రతి పిల్లవాడిలోనూ ఉంటుంది కాబట్టి, పైపైన చూస్తే ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. దీనికి తోడు ఒడియా రాతలో తెలుగు పిల్లవాణ్ణి తికమక పెట్టే అంశాలు కొన్ని ఉన్నాయి. ఏకారపు గుర్తు తెలుగులో అక్షరం తల మీద ఉంటే, ఒడియాలో అక్షరానికి ఎడమ పక్కన, అంటే అక్షరం కంటే ముందు ఉంటుంది. ఓకారమైతే రెండు పక్కలా ఉంటుంది. ఒడియాలో ‘ఘర’ అని రాసిన మాట తెలుగు చెవికి ‘ఘొరొ’ అని వినిపిస్తుంది. హ్రస్వ ఇకారం, దీర్ఘ ఈకారం రాతలో వేరైనా పలుకుబడిలో తేడా ఉండదు. తెలుగు పిల్లలు ఒడియా రాతలో చేసే తప్పుల్లో చాలా భాగం ఇలాంటి చోట్లే, ఒకే తీరుగా వస్తాయి. ఈ నాలుగు సంగతులు తెలిసిన ఉపాధ్యాయుడు నోట్సు తిరగేస్తే, ఏ తప్పు ఏ భాష నుంచి వచ్చిందో చాలావరకు పోల్చగలడు. తప్పులు ఈ తీరులో ఇమడకుండా, నిన్న వచ్చిన అక్షరం ఈ రోజు రాకుండా ఉంటే అప్పుడు ఇంకా లోతుగా చూడాలి.

ఆ చూడటం ఇంటి భాషలో జరగాలి. చదువు కష్టమయ్యే పిల్లల్లో చాలామందికి ముందుగా ఇబ్బంది పెట్టేది మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకోవడం. అది రాతకు ముందు ఉండే నేర్పు, నోటితోనే పరీక్షించవచ్చు. “పలకలోంచి ‘ప’ తీసేస్తే ఏం మిగులుతుంది?” అని తెలుగులో అడిగితే, మూడో తరగతి పిల్లవాడు కాస్త ఆలోచించి “లక” అంటాడు. “గొడుగులో మధ్య అక్షరం తీసేసి చెప్పు” అంటే “గొగు” అని నవ్వుతాడు. ఇవే ప్రశ్నలు ఒడియా మాటలతో అడిగినప్పుడు తడబడి, తెలుగులో చకచకా చెప్పాడంటే అతనికి కావలసింది బడి భాషలో సాయం. తెలుగులో కూడా పలకను ముక్కలు చేయలేక, “పలకే కదా” అని బిక్కమొహం వేశాడంటే, ఇబ్బంది భాషకు అవతల ఉందని అనుమానించాలి. ఇది నిర్ధారణ కాదు, నిర్ధారణకు పంపాలా వద్దా అని తేల్చుకునే మొదటి మెట్టు. అంతకంటే ముందు చూడవలసినవి కన్ను, చెవి. చెవిలో చీము కారే పిల్లలు తరగతిలో సగం మాటలు వినరు. వినని మాటలు ఏ భాషవైనా ఒకటే.

చట్టం ప్రకారం డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన లోపాలు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో చేరాయి. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించగా, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చిన ఈ చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. దాని 16వ సెక్షన్ అభ్యసన లోపాలను వీలైనంత త్వరగా గుర్తించాలని, 17వ సెక్షన్ అయిదేళ్లకోసారి బడి పిల్లల సర్వే జరగాలని చెబుతున్నాయి. కానీ 2018 జనవరిలో వచ్చిన మార్గదర్శకాలు అభ్యసన లోపానికి ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండిన తర్వాతే ఇవ్వాలన్నాయి. పరీక్ష సాధనాల విషయంలో భాష మళ్లీ అడ్డు వస్తుంది. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం భారతీయ భాషల కోసం రూపొందించిన డిస్లెక్సియా పరీక్ష మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషల్లో వచ్చింది. ఏ భాషలో పరీక్ష తయారైందో ఆ భాషలో పెరిగిన పిల్లల ప్రమాణాలతోనే అది నమ్మదగినదవుతుంది. తెలుగు ఇంట్లో పెరిగి ఒడియాలో చదివే పిల్లవాడికి కేవలం ఒడియాలో పెట్టిన పరీక్షా చాలదు, కేవలం తెలుగులో పెట్టినదీ చాలదు. రెండింటా చూసి పోల్చాలి. ధ్రువపత్రం దరఖాస్తు సాధారణంగా నివాసమున్న జిల్లాకు ముడిపడి ఉంటుంది గనుక, శ్రీకాకుళంలో చుట్టాలు “మా వాడికి సదరంలో (ఆంధ్రప్రదేశ్ వైకల్య ధ్రువపత్రాల శిబిరంలో) ఇచ్చారు” అని చెప్పినా గుణుపురం తల్లికి దాంతో పని జరగదు. ఆమె రాయగడ జిల్లా వైద్య బోర్డు ముందు కూర్చుని, తనకు సరిగా రాని భాషలో తన బిడ్డ సంగతి చెప్పుకోవాలి. అక్కడ ఒక దుబాసీని కూర్చోబెట్టడానికి కొత్త చట్టం అవసరం లేదు.

ధ్రువపత్రం వచ్చేదాకా బడి చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదన్నది ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. చట్టంలో రెండు వేర్వేరు భావనలు ఉన్నాయి. ఒకటి కనీసం 40 శాతం వైకల్యం ఉండాలన్న పరిమితి. రిజర్వేషన్, 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య వంటివి దానికి ముడిపడి ఉన్నాయి. రెండోది సముచిత సర్దుబాటు, అంటే అవసరాన్ని బట్టి విద్యాసంస్థ చేయవలసిన మార్పు. దీనికి ఆ శాతంతో ముడి లేదు. వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న ఇచ్చిన తీర్పు ఈ తేడాను తేటపరిచింది. రాసేటప్పుడు చేయి కొంకర్లు పోయే సమస్య ఉన్న అభ్యర్థికి, 40 శాతం పరిమితిలోకి రాడన్న కారణంతో, సివిల్ సర్వీసుల పరీక్షలో లేఖకుణ్ణి, అంటే చెప్పింది రాసిపెట్టే మనిషిని, నిరాకరించడం చెల్లదని అందులో కోర్టు చెప్పింది. ఈ తీర్పును ప్రాథమిక బడి దాకా తెచ్చి చూస్తే, కాగితం లేదన్న మాట సాయం నిరాకరించడానికి సాకు కాకూడదు.

ఇక్కడే పాఠ రూపకల్పన ప్రశ్న వస్తుంది. భవనాలను అందరూ వాడుకునేలా ముందే గీయాలన్న వాస్తుశిల్పుల ఆలోచనను చదువుకు అన్వయిస్తూ, 1984లో అమెరికాలో మొదలైన కాస్ట్ సంస్థ ఒక పద్ధతిని రూపొందించింది. దాన్ని సార్వత్రిక అభ్యసన రూపకల్పన అంటున్నారు. పాఠం మీద ఆసక్తి పుట్టడానికి ఒకటికి మించిన దారులు, విషయం అందడానికి ఒకటికి మించిన రూపాలు, నేర్చుకున్నది చూపడానికి ఒకటికి మించిన మార్గాలు పాఠం మొదలవక ముందే సిద్ధం చేయాలని దాని సారం. పిల్లవాడు అందుకోలేకపోతే, ముందుగా పాఠం ఎలా తయారైందో చూడాలని అది అడుగుతుంది. పిల్లవాడి లోపానికి పేరు తేలే దాకా ఆగనవసరం లేని పద్ధతి కావడం వల్లే సరిహద్దు బడికి ఇది మరింత పనికొస్తుంది.

నాలుగో తరగతిలో నదుల పాఠం తీసుకుందాం. గుణుపురం పిల్లలకు నది అంటే వంశధార. పాఠ్యపుస్తకంలో ఒక పటం, నాలుగు పేరాలు, చివర “అయిదు వాక్యాలు రాయండి” అనే ప్రశ్న ఉన్నాయనుకుందాం. చూపు లేని పిల్లకు పటం లేదు, వినికిడి లేని పిల్లవాడికి ఉపాధ్యాయుడు చదివి వినిపించేది లేదు, నెమ్మదిగా చదివేవాడికి నాలుగు పేరాలు దాటేసరికి గంట కొడతారు. అదే పాఠాన్ని మరోలా మొదలుపెట్టవచ్చు. పాత అట్టపెట్టె విప్పి దాని మీద బంక రాసి, వంశధార వంపులు తిరిగిన దారి వెంట పురికొస అంటించాలి. కొండలున్న చోట మట్టి ముద్దలు పెట్టి, గుణుపురం దగ్గర ఒక చింతగింజ, నది ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశించే చోట ఒక చీపురుపుల్ల, కళింగపట్నం దగ్గర సముద్రానికి గరుకు ఇసుక అతికించాలి. పిల్లలందరూ కళ్లు మూసుకుని వేలితో ఆ దారి పట్టుకుంటూ పోతారు. పుల్ల తగిలినప్పుడు ఒడిశా అయిపోయింది, ఇసుక తగిలినప్పుడు నది అయిపోయింది. పాఠంలో వచ్చే ఆరేడు ముఖ్యమైన మాటలు ముందుగానే బోర్డు మీద ఒడియాలో రాసి, పక్కన బొమ్మ గీసి, ‘నొఈ’ అంటే మన ‘ఏరు’ అని తెలుగులో ఒకసారి చెప్పి, సంజ్ఞ చూపిస్తే, ఆ తర్వాత చెప్పేదంతా అందరికీ ఏదో ఒక దారిన అందుతుంది. పాఠం చివర రాయగలిగినవాడు రాస్తాడు, చెప్పగలిగినవాడు చెబుతాడు, మరొకడు అట్ట మీద వేలు నడిపిస్తూ సంజ్ఞల్లో చూపిస్తాడు. నది ఎటు నుంచి ఎటు పారుతుందో తెలియడం ఈ పాఠం లక్ష్యం. చేతిరాత ఈ పాఠం లక్ష్యం కాదు కనుక చేతిరాత రానివాడికి ఇక్కడ మార్కు పోకూడదు. అక్షరాలు నేర్పే పాఠంలో మాత్రం రాత, చదువే లక్ష్యం. అక్కడ నోటితో చెప్పించి సరిపెట్టడం పిల్లవాడికి అన్యాయం చేసినట్టే. ఏ పాఠంలో దేన్ని సడలించవచ్చు, దేన్ని సడలించకూడదు అన్న వివేచన లేకపోతే ఈ పద్ధతి వట్టి ఉదారతగా మిగిలిపోతుంది.

ఆ అట్ట పటాన్ని చూపు లేని పిల్లకు మాత్రమే ఇచ్చి మూల కూర్చోబెట్టకూడదన్నది ఇందులో పట్టుబట్టవలసిన విషయం. అలాగని ఉమ్మడి రూపకల్పన ప్రత్యేక బోధనకు బదులూ కాదు. వేళ్లతో తడిమి చదివే చుక్కల లిపి బ్రెయిలీని ఎవరో ఒకరు ఆ పిల్ల పక్కన కూర్చుని, వేళ్లు పట్టుకుని నేర్పాల్సిందే.

బ్రెయిలీ విషయంలో సరిహద్దు పిల్లలకు ఒక వరం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. 1951లో స్థిరపడిన భారతీ బ్రెయిలీలో భారతీయ భాషలన్నిటికీ ఒకే ధ్వనికి సాధారణంగా ఒకే చుక్కల కూర్పు ఉంటుంది. చూపున్న పిల్లవాడికి ఒడియా ‘గ’, తెలుగు ‘గ’ రెండు వేర్వేరు బొమ్మలు. వేళ్లతో చదివే పిల్లకు రెండూ ఆరు చుక్కల గడిలో 1, 2, 4, 5 చుక్కలే. ‘నగర’ అన్న మాట రెండు భాషల్లోనూ అవే మూడు గడులు. తెలుగులో చివరి సున్నా అదనం. ఏకారం ఎడమ పక్కనా, తల మీదా అన్న తికమక కూడా ఇక్కడ ఉండదు, ఎందుకంటే బ్రెయిలీలో అచ్చు గుర్తు ఎప్పుడూ హల్లు తర్వాతే వస్తుంది. తెలుగుకు ఉన్న హ్రస్వ ఎ, ఒ ఒడియాకు లేవు కాబట్టి ఆ గుర్తులు రెండూ కొత్తగా నేర్చుకోవాలి. ఒడియా బ్రెయిలీ వచ్చిన తెలుగు పిల్లకు ఇంటి భాష చదవడం కొన్ని వారాల పని. తెలుగు బ్రెయిలీ పుస్తకాలు ఆమె చేతికి అందితే చాలు.

వినికిడి లోపం ఉన్న పిల్లల విషయంలో పరిస్థితి ఇందుకు భిన్నం. శ్రవణ యంత్రం పెట్టినా, శస్త్రచికిత్సతో చెవి లోపల కాక్లియర్ పరికరం అమర్చినా, వినడం నేర్చుకోవడానికి మాట కావాలి. తల్లి ఇంట్లో తెలుగు మాట్లాడుతుంటే, మాట శిక్షణ ఒడియాలో సాగుతుంటే, అప్పుడప్పుడే ధ్వనులను గుర్తుపడుతున్న చెవికి రెండూ సగం సగమే అందుతాయి. శిక్షణ ఇంటి భాషలో జరగాలని, వీలుకాకపోతే ప్రతి అభ్యాసాన్ని తల్లికి తెలుగులో నేర్పి పంపాలని కుటుంబాలు గట్టిగా అడగాలి. భారతీయ సంజ్ఞా భాషకు ఈ ఇరకాటం లేదు. అది తెలుగుకూ ఒడియాకూ అనువాదం కాదు, తన వ్యాకరణం తనకున్న భాష. 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి పదివేల మాటల నిఘంటువు విడుదల చేసింది. 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ విద్యా ఛానెళ్ల కార్యక్రమమైన పి.ఎం. ఈ-విద్యలో సంజ్ఞా భాష కోసం 31వ ఛానెల్ మొదలైంది. మొత్తం తరగతికి రోజూ ఉదయం ప్రార్థన తర్వాత అయిదు సంజ్ఞలు నేర్పితే, ఏడాది తిరిగేసరికి ఆ పిల్లవాడికి బడిలో మాట్లాడే మనుషులు ఉంటారు. ఇక బోర్డు వైపు తిరిగి మాట్లాడకపోవడం, కిటికీ వెలుతురు ఉపాధ్యాయుడి ముఖం మీద పడేలా నిలబడటం పైసా ఖర్చు లేని పనులు. రేకుల కప్పు మీద ఆషాఢపు వాన దబదబా పడుతున్నప్పుడు చెవులు బాగున్నవాళ్లకు కూడా ఏమీ వినిపించదు. ఆ గంట బోర్డు మీద నడిచే పాఠం అందరికీ కావాలి.

కంప్యూటర్ ఉన్న చోట ఒక చిన్న అలవాటు పెద్ద తేడా తెస్తుంది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్.వి.డి.ఎ. వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ యూనికోడ్ పాఠాన్ని చదువుతుంది. యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలో కూర్చిన తెలుగు పాఠం దానికి అర్థంలేని గుర్తుల వరసగా వినిపిస్తుంది. ప్రశ్నపత్రాలూ పాఠాలూ యూనికోడ్‌లో టైపు చేయడం వైకల్యం గల విద్యార్థులకు చేసే ఉపకారంగా కాక, రాత పనిలో భాగంగా చూడాలి. ముద్రిత పుస్తకాన్ని చదవలేనివారి కోసం అందుబాటు రూపంలోకి మార్చడానికి 2012 కాపీరైట్ సవరణ అనుమతి ఇస్తుంది గనుక, ఆంధ్రప్రదేశ్‌లో తయారైన తెలుగు ఆడియో పుస్తకం సరిహద్దు ఇటువైపు పిల్లకు చేరడానికి చట్టపరమైన అడ్డంకి లేదు.

పరీక్షల దగ్గర న్యాయం అంటే ఏమిటో అంకెల్లోనే కనిపిస్తుంది. 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అర్హులైన విద్యార్థికి గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలి, అంటే మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలు. దీన్ని తోటి పిల్లల తల్లిదండ్రులు కొందరు పక్షపాతంగా చూస్తారు. వేళ్లతో ప్రశ్న చదివి, జవాబు మరొకరికి చెప్పి రాయించుకునే పిల్లకు మూడు గంటలే ఇస్తే, ఆమె తక్కువ సమయంలో పరీక్ష రాసినట్టవుతుంది. లేఖకుడి ఎంపికలో భాష చూడాలి. పిల్ల తెలుగులో ఆలోచించి ఒడియాలో చెబుతుంది. మాట వెతుక్కునే క్షణంలో ఆమెను తొందరపెట్టని, రెండు భాషలూ తెలిసిన లేఖకుడైతే ఆ జవాబు ఆమెదిగా కాగితం మీదకు వస్తుంది.

భవనాల గురించి చెప్పాల్సింది తక్కువ, చేయాల్సింది తెలిసిందే. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు పాళ్లు ఉండాలి, అంటే అడుగు ఎత్తు గడపకు పన్నెండడుగుల పొడవు. అంతకంటే నిటారుగా కట్టింది తనిఖీ కాగితానికి పనికొస్తుంది, చక్రాల కుర్చీకి పనికిరాదు. కేంద్ర పథకం సమగ్ర శిక్ష కింద వైకల్యం గల ఒక్కో విద్యార్థికి ఏడాదికి 3,500 రూపాయల వరకు సాయం, ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలల ఉపకారవేతనం ఉన్నాయి. ఒడిశా ప్రభుత్వ ‘బనిశ్రీ’ ఉపకారవేతనం అదనం. విద్యాహక్కు చట్టానికి 2012లో వచ్చిన సవరణ తీవ్ర వైకల్యం గల పిల్లలకు ఇంటి దగ్గర చదువుకునే వీలు ఇచ్చింది. అది కుటుంబం కోరుకుంటే వాడుకోవలసిన వీలు. ర్యాంపు లేదని, ఆయా లేదని బడి చేతులు దులుపుకోవడానికి దాన్ని వాడుతున్న చోట, ఆ చట్టం పిల్లకు ఇచ్చిన దాన్నే లాక్కున్నట్టు.

చివరగా, సరిహద్దులో పిల్లలు బడులు మారతారు. తండ్రికి పార్వతీపురంలో పని దొరికితే కుటుంబం అటు వెళ్తుంది, అమ్మమ్మకు ఒంట్లో బాగోకపోతే మళ్లీ రాయగడకు వస్తుంది. కేంద్రం ఇచ్చే యు.డి.ఐ.డి. అనే వైకల్య గుర్తింపు కార్డు దేశమంతటా చెల్లుతుంది గానీ, ఆ పిల్లవాడు ఎలా నేర్చుకుంటాడో అందులో ఉండదు. రెండేళ్లలో పాత ఉపాధ్యాయురాలు కనిపెట్టిందంతా బదిలీ పత్రంతో పాటు పోతుంది, కొత్త బడి మళ్లీ మొదటి పొరపాటు దగ్గర మొదలుపెడుతుంది. తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన ఒక్క పేజీ బదిలీ పత్రానికి జతచేస్తే ఇది ఆగుతుంది. అందులో నిర్ధారణ కంటే ముందు ఏర్పాట్లు ఉండాలి: ఇంట్లో తెలుగు మాట్లాడతాడు; కుడి చెవి మాత్రమే కొద్దిగా వింటుంది, అందుకని బోర్డుకు ఎడమ చివర ముందు వరసలో కూర్చోబెట్టాలి; కొత్త మాటలు పాఠానికి ముందురోజు రాసిస్తే ఇంట్లో అక్క చదివి చెబుతుంది; పేరా ఒకేసారి చదవమంటే ఆగిపోతాడు, వాక్యం కింద స్కేలు పెడితే చదువుతాడు; లెక్కలు నోటితో అడిగితే అందరికంటే ముందు చెబుతాడు.